కామెల్‌థార్న్ కట్టెల సంచి: మంటకి వంక పెట్టలేను, కొనమని మాత్రం చెప్పలేను

దక్షిణాఫ్రికాలో ఉంటూ వారాంతం రాగానే బ్రాయ్, అంటే ఆరుబయట కట్టెల నిప్పు మీద మాంసం కాల్చుకునే విందు, పెట్టుకునే తెలుగువాళ్ళం తక్కువేమీ లేము, అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. పెట్రోల్ బంకుల బయట, సూపర్‌మార్కెట్ గుమ్మాల పక్కన, రోడ్డువార బక్కీలనే చిన్న ట్రక్కుల వెనక పేర్చి అమ్మే కట్టెల సంచుల్లో బాగా పేరున్నది కామెల్‌థార్న్. ఆఫ్రికాన్స్‌లో కమీల్‌డోరింగ్ అంటారు, సంచి మీద చాలాసార్లు ఆ పేరే ఉంటుంది. ఏ కట్టె మంచిదని ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళని అడిగి చూడండి, చాలామంది నోట మొదట వచ్చేది ఇదే. మంట విషయంలో ఆ పేరు ఊరికే రాలేదు, అది ఒప్పుకోవాల్సిందే. అయినా సరే, అమ్మేవాళ్ళు అటవీ శాఖ లైసెన్సు చూపించకపోతే ఈ సంచి ముట్టుకోవద్దంటాను, చూపించినా మామూలు సాయంత్రం బ్రాయ్‌కి దీని అవసరం లేదంటాను. ఈ రెండు మాటలకీ కారణాలు వేరువేరు, రెండూ చెప్తాను.

నేను వాడి చూసిన సంచి నార్తర్న్ కేప్ రాష్ట్రంలో ఒక ఫార్మ్ స్టాల్‌లో, అంటే రైతులు నడిపే కొట్లో, కొన్నది. అమ్మినాయన అడగ్గానే లోపల్నుంచి ఫైలు తెచ్చి అటవీ శాఖ ఇచ్చిన లైసెన్సు చూపించారు. ఏ పొలంలోది, ఎంత కట్టె, ఎప్పటివరకు చెల్లుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన అడిగించుకోవడానికి అలవాటుపడ్డ మనిషిలా, అడిగినందుకు సంతోషించినట్టే మాట్లాడారు. అలాంటిచోట కొన్నది కాబట్టి కట్టె గురించి నిమ్మళంగా రాయగలుగుతున్నాను.

సంచి ఎత్తగానే మీకు తేడా తెలుస్తుంది. కంటికి కనిపించే సైజుకీ చేతికి తగిలే బరువుకీ పొంతనే ఉండదు. కోసినచోట చూస్తే ముదురు ఎరుపులో గోధుమరంగు కలిసిన చేవ, దాని చుట్టూ పల్చగా పసుపుపచ్చటి పొర, పైన లోతుగా పగుళ్ళు తేలిన బూడిదరంగు బెరడు. ఆ చేవ ముక్కని నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది, అంత గట్టిది. కొన్ని ముక్కల్లో పురుగు తొలిచిన రంధ్రాలు ఉన్నాయి, ఎండి నిలబడిపోయిన చెట్టు కట్టెకి అది మామూలే, మంటకేమీ అడ్డం కాదు. ఇంట్లో ఉండే చిన్న గొడ్డలితో చీల్చుదామని మాత్రం చూడకండి. గొడ్డలి వెనక్కి ఎగిరిపడుతుంది, పదును పోతుంది, కట్టె మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి సంచిలో లావు మొద్దులు, సన్నవి కలిపి ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోవాలి. నేను కొన్న సంచిలో సగానికి సగం లావువే.

అంటించడం దీనితో పెద్ద పని. రెండు ఫైర్‌లైటర్లు పెట్టి అగ్గిపుల్ల గీసి కుర్చీలో కూర్చుంటే కుదరదు. కింద చితుకులు, వాటి మీద వేరే ఏదైనా తేలిక కట్టె సన్నపేళ్ళు, అవి బాగా అందుకున్నాక కామెల్‌థార్న్ సన్నముక్కలు, ఆ తర్వాతే మొద్దులు, గాలి ఆడేలా సందు వదిలి పేర్చాలి. ఓపిక పట్టి పేర్చితే మాత్రం ఒకసారి అందుకున్నాక ఇక దాని వైపు చూడక్కర్లేదు. పొగ తక్కువ, చిటపటలు తక్కువ, నిప్పురవ్వలు ఎగిరి పడటం నేను పెద్దగా చూడలేదు. వాసన గురించి ఇక్కడివాళ్ళు చాలా గొప్పగా చెప్తారు. నాకు అనిపించింది ఏంటంటే వాసన చాలా లేతగా ఉంటుంది, మాంసం మీద రుద్దినట్టు ఉండదు, కొంచెం తియ్యదనం ఉన్న పొగ, అంతే. చాప్స్ మీద, అంటే ఎముకతో ఉన్న మాంసం ముక్కల మీద బాగుంది, మీలీస్ మీద, అంటే మొక్కజొన్న పొత్తుల మీద ఇంకా బాగుంది.

దీని గొప్పతనమంతా మంట తగ్గి నిప్పులు పడ్డాకే. కణికలు పెద్దవిగా, గట్టిగా ఉంటాయి, పట్టకారుతో జరిపినా చిట్లిపోవు. పైన బూడిద పట్టి చల్లారినట్టు కనిపిస్తాయి గానీ చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే అప్పుడు తెలుస్తుంది సెగ. మొదటి అరగంట ఆ వేడి ఎంత ఎక్కువంటే మాంసం పెట్టే ఇనుప గ్రిడ్ బాగా పైకి పెట్టకపోతే బూరెవోర్స్ అనే సాసేజ్ బయట మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. పల్చటి రేకుతో చేసిన చవక బ్రాయ్ స్టాండ్ ఉన్నవాళ్ళు జాగ్రత్త, ఆ రేకు ఈ వేడికి వంకర తిరుగుతుంది. ఇటుకలతో కట్టినదో, మందపాటి ఇనుముదో అయితే ఇబ్బంది లేదు. అందరూ తిని, గిన్నెలు లోపలికి చేరి, కబుర్లు కూడా అయిపోయిన తర్వాత చూస్తే నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పొద్దున లేచి బూడిద కదిపితే అడుగున వెచ్చదనం మిగిలే ఉంది.

పోయ్‌కీ వండేవాళ్ళకి, అంటే మూడు కాళ్ళ ఇనుప కుండలో గంటల తరబడి నెమ్మదిగా ఉడికించేవాళ్ళకి, ఇంతకన్నా మంచి నిప్పు నేను చూడలేదు. కుండ కింద నాలుగు కణికలు పెట్టి, చల్లారేకొద్దీ పక్కనుంచి ఒక్కోటి జరుపుతూ పోతే చాలు. మాంసం ఎముక నుంచి దానంతట అదే ఊడొస్తుంది, అడుగు అంటదు, మధ్యలో కట్టె వెయ్యాల్సిన పనే ఉండదు. చలికాలం రాత్రి కలహారి ఎడారి వైపు క్యాంపింగ్‌కి వెళ్ళినవాళ్ళు దీన్ని ఎందుకంత ప్రేమిస్తారో కూడా అర్థమవుతుంది, అక్కడ జూన్, జూలై రాత్రుళ్ళు సున్నా కిందకి పడిపోతాయి.

అయితే మనం ఇళ్ళలో చేసేది పోయ్‌కీ కాదు, రాత్రంతా మేలుకునే క్యాంపింగూ కాదు. ఆరింటికి మంట పెట్టి ఎనిమిదింటికల్లా తినేసి లోపలికి వెళ్ళే బ్రాయ్. కోడి ముక్కలు, చాప్స్, బూరెవోర్స్, మీలీస్, బ్రెడ్ మధ్యలో చీజ్ టమాటా పెట్టి కాల్చే బ్రాయ్‌బ్రోయ్‌కీ, ఇవన్నీ కాలడానికి కావలసింది ముప్పావుగంటో గంటో నిలిచే నిప్పు. కామెల్‌థార్న్ ఆ పని అయిపోయాక కూడా గంటల పాటు ఎవరికీ పనికిరాకుండా కాలుతూనే ఉంటుంది. చాయ్ పెట్టుకోవడానికి పెళ్ళివంటల పొయ్యి రాజేసినట్టు ఉంటుంది వ్యవహారం. అంటించడానికి ఎక్కువసేపు పట్టింది, సెగ తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది, చివరికి సగం వేడి ఆకాశంలోకి పోయింది. కేవలం వస్తువుగా చూసినా సరే, మామూలు ఇంటి వాడకానికి ఇది సరిపడని వస్తువు అని నా అభిప్రాయం. సంచి ధర కూడా మిగతా కట్టెల కన్నా కొన్ని ర్యాండ్లు ఎక్కువే ఉంటుంది.

ఇక రెండో కారణం. ఇది రాయాలని కూర్చున్నదే దీనికోసం.

ఈ కట్టె వచ్చే చెట్టు వాచెలియా ఎరియోలోబా. పాత పుస్తకాల్లో అకేషియా ఎరియోలోబా అని కనిపిస్తుంది. మన నల్లతుమ్మకి దగ్గరి చుట్టం, ఇప్పటి వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకే ప్రజాతి, చిక్కుడూ కందీ చింతా ఉన్న కుటుంబమే. తుమ్మకి ఉన్నట్టే పసుపుపచ్చటి గుండ్రటి పూలు, జంటజంటగా పొడవాటి ముళ్ళు, ముళ్ళ మొదట్లో ఉబ్బు. కాయలు మాత్రం వేరు. చెవి ఆకారంలో వంగి, లావుగా, పైన బూడిదరంగు నూగుతో మఖమల్‌లా ఉంటాయి, చెట్టు మీద పగలవు, అలాగే కింద రాలతాయి. దక్షిణాఫ్రికాలో నార్తర్న్ కేప్, నార్త్ వెస్ట్ రాష్ట్రాల ఇసుక నేలల్లో ఎక్కువ, అక్కడి నుంచి బోట్స్వానా, నమీబియా, ఇంకా పైకి అంగోలా, జాంబియా, జింబాబ్వే దాకా ఉంది.

దక్షిణాఫ్రికా, బోట్స్వానా సరిహద్దులో ఉన్న క్గలగాడి పార్క్‌కి వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, ఔఓబ్, నోసోబ్ అనే ఎండిపోయిన ఏరుల ఒడ్డున వరసగా నిలబడ్డ పెద్ద చెట్లు చాలావరకు ఇవే. చుట్టూ ఎర్ర ఇసుకదిబ్బలు, గడ్డి, పొదలు. ఆ ఎండలో నీడ అంటూ దొరికేది ఈ చెట్టు కిందే. గెమ్స్‌బాక్, స్ప్రింగ్‌బాక్ అనే జింకలు మధ్యాహ్నం అక్కడే నిలబడతాయి, సింహాలు అక్కడే పడుకుంటాయి. జిరాఫీలు ముళ్ళ మధ్య నుంచి ఆకు లాక్కు తింటాయి. రాలిన కాయలు గెమ్స్‌బాక్, ఈలండ్ అనే పెద్ద జింక, ఏనుగు, పొలాల్లో అయితే ఆవులూ మేకలూ, అన్నీ ఇష్టంగా తింటాయి, ఆ గింజలు పేడతో బయటపడి వేరేచోట మొలుస్తాయి. నీడకి చేరే జంతువుల పేడ, రాలే ఆకు, పక్షుల రెట్ట ఏళ్ళతరబడి పడి పడి చెట్టు కింద మట్టి చుట్టుపక్కల ఇసుక కన్నా సారవంతంగా తయారవుతుంది, అక్కడ మాత్రమే మొలిచే పొదలు ఉంటాయి. అంటే ఒక పెద్ద చెట్టు అక్కడ చెట్టు ఒక్కటే కాదు, దాని కింద ఒక చిన్న తోట కూడా ఉన్నట్టే.

ఆ చెట్ల మీద గడ్డివాములు ఎత్తిపెట్టినట్టు కనిపించేవి సోషబుల్ వీవర్ పక్షుల గూళ్ళు. మన గిజిగాళ్ళ కుటుంబానివే, కానీ ఒక్కో జంట ఒక్కో గూడు కట్టుకోవు, అందరూ కలిసి ఒకే పెద్ద గూడు కడతాయి, లోపల ఎవరి గది వాళ్ళది. కొన్ని గూళ్ళలో వంద దాటి పక్షులు ఉంటాయి, తరాల తరబడి అదే గూటిని బాగుచేసుకుంటూ వాడతాయి. బయట గడ్డకట్టే చలి ఉన్నా, మండే ఎండ ఉన్నా లోపల గదులు అంత మారవు. పిగ్మీ ఫాల్కన్ అనే చిట్టి డేగ తను గూడు కట్టుకోదు, వీటి గదుల్లో ఒకటి తీసుకుని కాపురం పెడుతుంది. అంత బరువు మోయాలంటే లావాటి కొమ్మలు కావాలి. చిన్న చెట్లకి ఆ శక్తి ఉండదు, పాత చెట్లే కావాలి.

పాత చెట్టు అంటే ఎంత పాతది అన్నది కట్టె కొనేవాళ్ళు ఒక్కసారైనా ఆలోచించాలి. ఈ చెట్టు పెరుగుదల చాలా నెమ్మది. మొలిచిన మొక్క పైకి పెరగడం కన్నా ముందు కిందకి వెళ్తుంది, నీటి కోసం తల్లివేరు దింపుకుంటూ పోతుంది, 60 మీటర్ల లోతు దాకా వేళ్ళు వెళ్ళినట్టు చెప్తారు. రెండు మూడు వందల ఏళ్ళు బతికే చెట్టు ఇది. మీ సంచిలో చేతి మందం కన్నా లావుగా, మధ్యలో నిండుగా ఎర్రటి చేవ ఉన్న మొద్దు ఉందంటే అది మన తాతల కాలం నుంచో అంతకన్నా ముందు నుంచో పెరుగుతూ వచ్చినదై ఉండొచ్చు. అలాంటిది శనివారం సాయంత్రం ఒక్కసారి కాలిపోతుంది. దాని చోటులో ఇంకోటి అంత అవ్వాలంటే మన పిల్లల పిల్లలు కూడా చూడలేరు. ఇది నాకు మామూలు విషయంగా అనిపించదు, చెప్పేటప్పుడు గొంతు పెరుగుతుంది కూడా.

ఇదేమీ కొత్తగా మొదలైన సంగతి కాదు. 1871లో ఇప్పటి నార్తర్న్ కేప్‌లోని కింబర్లీలో వజ్రాలు బయటపడ్డాక గనుల ఆవిరి ఇంజన్లకి, గని పనులకి, వేలమంది పొయ్యిలకి కట్టె కావాల్సి వచ్చింది. 1885లో రైలు వచ్చేదాకా బొగ్గు చవకగా చేరే దారి లేదు, ఎద్దుబండ్ల మీద చుట్టుపక్కల దేశమంతా గాలించి కట్టె తెచ్చారు, కామెల్‌థార్న్‌లు అందులో బోలెడు పోయాయి. ఇంత నెమ్మదిగా పెరిగే చెట్టు ఆ దెబ్బ నుంచి కోలుకోవాలంటే వందేళ్ళు కూడా చాలవు. ఇప్పటికీ ఈ చెట్లు అడవిలా గుమిగూడి నిలబడ్డ చోటు చూడాలంటే నార్తర్న్ కేప్‌లో కాథూ ఊరి దగ్గరికి వెళ్ళాలి, సుమారు 4000 హెక్టార్ల అడవి, పక్కనే పెద్ద ఇనుప గని. ఇంత దట్టంగా ఈ చెట్టు పెరిగే చోటు చాలా అరుదు కాబట్టి దానికి చట్టపరంగా రక్షణ ఇచ్చారు. అటువైపు వెళ్ళే పనుంటే తప్పకుండా చూడండి.

చట్టం విషయానికొస్తే, దక్షిణాఫ్రికా నేషనల్ ఫారెస్ట్స్ యాక్ట్, 1998 కింద రక్షిత చెట్ల జాబితా ఒకటి ప్రభుత్వ గెజిట్‌లో వస్తుంది. బావోబాబ్, మరూలా, షెపర్డ్స్ ట్రీ, లెడ్‌వుడ్, యెల్లోవుడ్‌ల పక్కన ఇదీ ఉంది, దీని చిన్న చుట్టమైన గ్రే కామెల్‌థార్న్ కూడా ఉంది. ఆ చట్టం 15వ సెక్షన్ చదివితే చాలామంది అనుకుంటున్నది ఎంత తప్పో తెలుస్తుంది. పచ్చి చెట్టు నరకడం గురించి మాత్రమే కాదు అందులో ఉన్నది. లైసెన్సు గానీ, మినహాయింపు గానీ లేకుండా ఆ చెట్టునీ, ఆ చెట్టు నుంచి వచ్చిన దేన్నైనా సరే దగ్గర పెట్టుకోవడం, ఏరుకోవడం, తరలించడం, ఎగుమతి చెయ్యడం, అమ్మడం, కొనడం, ఊరికే ఇచ్చెయ్యడం, అన్నీ నిషేధం. కొనడం కూడా అని మళ్ళీ చెప్తున్నాను. ఉల్లంఘిస్తే జరిమానా గానీ మూడేళ్ళ వరకు జైలు గానీ రెండూ గానీ పడొచ్చు. వీసా మీద ఉండే మనలాంటివాళ్ళు ఒక కట్టెల సంచి కోసం ఆ టెన్షన్ ఎందుకు పెట్టుకోవాలో నాకు అర్థం కాదు.

నగరంలో ఒకచోట, పేరు చెప్పను, గుట్టగా పోసి అమ్ముతున్న కామెల్‌థార్న్ ముందు ఆగి లైసెన్సు ఉందా అని అడిగాను. "ఎండు కట్టెండీ, ఎండు కట్టెకి లైసెన్సు ఎందుకు" అన్నారు. ఎక్కడిది అంటే "పైనుంచి వస్తుంది" అన్నారు. పై నుంచి అంటే నార్తర్న్ కేప్ కావచ్చు, నమీబియా కావచ్చు, ఏదైనా కావచ్చు. నమీబియాలో కూడా ఇది రక్షిత చెట్టే, అక్కడ కట్టె కొట్టడానికీ తరలించడానికీ ఎగుమతికీ అటవీ శాఖ పర్మిట్లు కావాలి. ఆ గుట్ట పక్కన సంచులు కట్టి పెట్టినవాటి మీద బరువు లేదు, ఊరు లేదు, పంపినవాళ్ళ పేరు లేదు. నేను కొనకుండానే వచ్చేశాను.

ఈ "ఎండు కట్టే కదా" అన్న మాట దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు, చెట్లంటే ప్రేమ ఉన్నవాళ్ళు కూడా ఇదే అంటారు. చచ్చిన చెట్టుని కాలిస్తే ఎవరికి నష్టం అని. మొదటిది, ఎండిన కామెల్‌థార్న్ చచ్చి పడిపోయేది కాదు. ఆ పొడి నేలలో దశాబ్దాల పాటు అలాగే నిలబడుతుంది. నమీబియాలో డెడ్‌వ్లెయ్ ఫోటోలు అందరూ చూసే ఉంటారు, తెల్లటి మట్టి పళ్ళెంలో నల్లగా నిలబడ్డ ఆ చెట్లు ఇవే, ఎండిపోయి ఆరేడు వందల ఏళ్ళు అయ్యిందంటారు, కుళ్ళడానికి కూడా అక్కడ తేమ లేదు. కలహారిలో నిలబడి ఎండిన చెట్టు తొర్రల్లో చెట్టెలుకలు, గుడ్లగూబలు, బల్లులు ఉంటాయి, చుట్టుపక్కల పొడవాటి కొమ్మ ఇంకోటి లేనిచోట గద్దలు వాలేది దాని మీదే, వీవర్ గూళ్ళు కూడా ఎండు కొమ్మల మీద ఎన్నో కనిపిస్తాయి. చుట్టూ మైళ్ళ తరబడి అంత ఎత్తు, అంత లావు ఉన్నది ఇంకోటి ఉండదు, బతికున్నా ఎండినా అదే వాటి ఇల్లు.

రెండోది ఇంకా ముఖ్యం. ఎండు కట్టె మాత్రమే అమ్మొచ్చు అని అందరూ నమ్మితే, చెట్లని ఎండబెట్టడం లాభసాటి పని అవుతుంది. పచ్చని చెట్టు మొదట్లో చుట్టూ ఒక పట్టీలాగా బెరడు ఒలిచేస్తే అది నిలబడే చచ్చిపోతుంది, కొన్నాళ్ళకి దాన్ని చూసి ఎండు చెట్టు కాదని ఎవరూ నిరూపించలేరు. సంచిలో ముక్కలయ్యాక అసలే తెలియదు. అందుకే చట్టం ఎండుదానికీ పచ్చిదానికీ తేడా పెట్టలేదు, రెండిటికీ లైసెన్సు అడిగేది అందుకే. ఆ కాగితం లేకుండా నోటితో చెప్పే "ఎండుది" అన్న మాటకి ఏ విలువా లేదు.

అలాగని రైతులందరినీ దొంగలనడం లేదు, అస్సలు కాదు. పొలంలో గాలివానకి విరిగి పడ్డ పెద్ద కొమ్మలు, రోడ్డు వెయ్యడానికో కరెంటు లైను కోసమో అనుమతితో తీసేసిన చెట్లు ఉంటాయి, వాటిని లైసెన్సు తీసుకుని అమ్ముకునేవాళ్ళు ఉన్నారు, నాకు సంచి అమ్మినాయన అలాంటివారే. కరువు ప్రాంతంలో అది వాళ్ళకి కొంత ఆదాయం. వాళ్ళ చెట్ల గురించి వాళ్ళకున్న పట్టింపు నగరంలో సంచి కొనే మనకి లేదు. కాగితం లేని కట్టె చవకగా దొరికేకొద్దీ దెబ్బ తినేది మొదట వీళ్ళే.

మరి బ్రాయ్ దేనితో పెట్టుకోవాలి అంటే, ఈ దేశంలో ఎంత కాల్చినా తప్పులేని కట్టె బోలెడు ఉంది. విచిత్రం ఏంటంటే అవి కూడా చాలావరకు ఇదే చిక్కుడు కుటుంబానివి.

కేప్‌టౌన్ వైపు ఉన్నవాళ్ళకి రోయ్‌క్రాన్స్ ఉండగా ఇంకో ఆలోచనే అక్కర్లేదు. ఆస్ట్రేలియా తుమ్మ, 19వ శతాబ్దంలో కేప్ తీరంలో కదిలే ఇసుకని ఆపడానికి తెచ్చి నాటారు, ఇప్పుడు అక్కడి సొంత మొక్కల చోటంతా ఆక్రమించి కూర్చుంది. దాన్ని నరికితే మంచి పని చేసినట్టే. తేలిగ్గా అంటుకుంటుంది, మంట శుభ్రంగా ఉంటుంది, నిప్పులు గంట వరకు బాగా నిలుస్తాయి, మామూలు బ్రాయ్‌కి కావలసింది సరిగ్గా అంతే. కేప్‌లో చాలామంది ముసలివాళ్ళు దీన్నే మొదటి కట్టె అంటారు, వాళ్ళ మాటకి నా ఓటు కూడా. బ్లాక్ వాటిల్ కూడా ఆస్ట్రేలియాదే, తోళ్ళు పదును చెయ్యడానికి వాడే బెరడు కోసం తెచ్చారు, ఏటి గట్ల వెంట వ్యాపించి నీళ్ళు తాగేస్తోందని 1995లో మొదలైన వర్కింగ్ ఫర్ వాటర్ పథకం కింద ఏళ్ళ తరబడి నరుకుతూనే ఉన్నారు. దాని నిప్పులు రోయ్‌క్రాన్స్ కన్నా త్వరగా బూడిదవుతాయి, కాబట్టి పక్కన ఇంకో మంట ఉంచుకుని కణికలు తెచ్చి వేస్తుండాలి. త్వరగా అయిపోయే వంటకి అది చాలు.

జోహానెస్‌బర్గ్, ప్రిటోరియా వైపు నా ఓటు సెకెల్‌బోస్‌కి. మన దగ్గర వెలతురు చెట్టు అంటారే, అదే జాతి, సగం గులాబీ సగం పసుపు రంగుల్లో వేలాడే కుచ్చుపూలది. ఇక్కడి సొంత మొక్కే గానీ పశువులు ఎక్కువ మేసి గడ్డి పోయినచోట గుబురుగా కమ్మేసి పొలాన్ని పనికిరాకుండా చేస్తుంది. సంచిలో సన్నటి గుండ్రటి కర్రలుగా వస్తుంది, లావు మొద్దులు ఉండవు, గొడ్డలి అవసరం పడదు. కట్టె గట్టిది, సన్నగా ఉండటం వల్ల కామెల్‌థార్న్ కన్నా చాలా త్వరగా అంటుకుంటుంది, నిప్పులు మాత్రం ఆశ్చర్యంగా చాలాసేపు ఉంటాయి. పోయ్‌కీకి కూడా చాలింది, మధ్యలో రెండుసార్లు కర్రలు వెయ్యాల్సి వచ్చింది అంతే. నమీబియా నుంచి వచ్చే స్వార్ట్‌హాక్ కూడా అలాంటిదే, అక్కడ కోట్ల ఎకరాల మేత భూమిని ఇలాంటి పొదలు కమ్మేశాయి, వాటిని కొట్టి బొగ్గు చేసి అమ్మడం పెద్ద పరిశ్రమ. కట్టె కన్నా బొగ్గు సుఖం అనుకునేవాళ్ళు అడవిని పాడుచెయ్యకుండా తీసిందని చెప్పే ఎఫ్‌ఎస్‌సీ ముద్ర ఉన్న నమీబియా బొగ్గు సంచి చూసి తీసుకోండి.

ఒకటి గమనించండి, సంచి మీద వట్టి "హార్డ్‌వుడ్" అనో "బుష్ వుడ్" అనో ఉంటే లోపల ఏదైనా ఉండొచ్చు. వల సంచి అయితే పట్టుకుని చూడండి. చేతి మందం కన్నా లావు ముక్కలు, ఎర్రటి చేవ, లోతు పగుళ్ళ బెరడు కనిపిస్తే అమ్మేవాళ్ళని పేరు అడగండి. కమీల్‌డోరింగ్ అన్నా, లెడ్‌వుడ్ అన్నా లైసెన్సు చూపించమనండి. లెడ్‌వుడ్ కూడా రక్షిత చెట్టే, దాన్నీ ఇలాగే అమ్ముతుంటారు. చూపించే కాగితంలో చెట్టు పేరు, పొలం పేరు, పరిమాణం, చెల్లే తేదీ, ఈ నాలుగూ ఉండాలి. తేదీ దాటిపోయిన లైసెన్సు జిరాక్స్ గోడకి అంటించి పెట్టుకునేవాళ్ళు ఉంటారు, తేదీ తప్పకుండా చదవండి. అడిగితే విసుక్కుంటారేమో అని మొహమాటపడొద్దు, కొనేవాళ్ళు నలుగురు అడిగితే ఐదోసారికి కాగితం తెచ్చి పెట్టుకుంటారు, లేదా సెకెల్‌బోస్ తెచ్చి అమ్ముతారు, రెండిట్లో ఏది జరిగినా మేలే.

నేను కొన్న సంచిలో సగం ఇంకా మిగిలే ఉంది. చలికాలం పోయ్‌కీల కోసం గ్యారేజీలో నేలకి తగలకుండా పలకల మీద పేర్చి పెట్టాను, లైసెన్సు ఫోటో ఫోన్‌లో ఉంచుకున్నాను. వారంవారం బ్రాయ్‌కి సెకెల్‌బోస్ వాడుతున్నాను, ఇంటికొచ్చినవాళ్ళెవరూ తేడా కనిపెట్టలేదు.